తీర్పు దొరికింది, అందులో ఆ మాట లేదు: న్యాయ పరిశోధనలో ఏఐ

విజయవాడలోని ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టు 2025లో ఇచ్చిన ఒక ఉత్తర్వులో నాలుగు తీర్పులను ఉదహరించింది. పరిశీలన కోసం కోర్టు నియమించిన అడ్వొకేట్ కమిషనర్ ఇచ్చిన నివేదికపై వచ్చిన అభ్యంతరాలను తోసిపుచ్చడానికి వాటినే ఆధారంగా చూపింది. ఆ నాలుగు తీర్పులూ ఎక్కడా లేవు. హైకోర్టు వివరణ అడిగితే, ఏఐ సాధనాన్ని వాడామని, అది ఇచ్చిన సైటేషన్లు (తీర్పుల పేరు, సంపుటి, పేజీ సూచనలు) నిజమైనవేనని నమ్మామని జవాబు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జాగ్రత్తలు చెబుతూనే, ఉత్తర్వులో అన్వయించిన న్యాయసూత్రం సరైనదే కనుక లేని తీర్పులు చూపారన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టేయనక్కర్లేదని భావించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2026 ఫిబ్రవరిలో అక్కడి ధర్మాసనం కటువుగా మాట్లాడింది. లేని తీర్పుల మీద నిలబెట్టిన నిర్ణయాన్ని మామూలు పొరపాటుగా చూడలేమని, అది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని వ్యాఖ్యానించింది.

సూత్రం సరైనదే అయినప్పుడు, దానికి చూపిన తీర్పు అసలుదా నకిలీదా అన్నది అంత పెద్ద విషయమా అన్న సందేహం ఎవరికైనా రావచ్చు. రాజ్యాంగం 141వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని కోర్టులన్నింటికీ శిరోధార్యం. అందువల్ల ఒక తీర్పును ఉదహరించడమంటే ‘ఈ మాట నాది కాదు, నన్ను కట్టడి చేసే పై కోర్టుది’ అని చెప్పడం. అవతలి పక్షం ఆ తీర్పు తెరిచి చూసుకోవచ్చు, తమ కేసుకు అది వర్తించదని వాదించవచ్చు, అప్పీలులో ఎత్తి చూపవచ్చు. తీర్పే లేకపోతే వీటిలో ఏదీ సాధ్యం కాదు. ఓడిన కక్షిదారు దేనితో పోరాడాలో తెలియని స్థితిలో పడతాడు.

సంక్షిప్తంగా

ఏఐ సాధనాలు తీర్పులు వెతికే శ్రమను బాగా తగ్గించాయి, వెతికి తెచ్చినదాన్ని సరిచూసే శ్రమను మాత్రం తగ్గించలేదు. లేని తీర్పుల సంగతి వార్తల్లోకి ఎక్కుతోంది గానీ, దాన్ని పట్టుకోవడం తేలిక. ఉన్న తీర్పుకు లేని అర్థం అంటగట్టడం, రద్దయిన చట్టాన్ని అమల్లో ఉన్నట్లు చూపడం అంతకంటే ప్రమాదకరం. సరిచూసే పని ఎవరు చేయాలన్న దాని చుట్టూనే ఇప్పుడు కోర్టుల మార్గదర్శకాలు తిరుగుతున్నాయి.

లేని తీర్పు ఎలా పుడుతుంది

చాట్‌జీపీటీ వంటి సాధనాల వెనుక ఉండే భాషా నమూనా తీర్పులను ఒక బీరువాలో పెట్టుకుని అడిగినప్పుడు తీసి ఇవ్వదు. కోట్ల కొద్దీ వాక్యాలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టడం నేర్చుకుంటుంది. సైటేషన్‌కు ఉన్న మూస చాలా గట్టిది. వాది పేరు, వర్సెస్, ప్రతివాది పేరు, బ్రాకెట్లో సంవత్సరం, సంపుటి సంఖ్య, తీర్పులు అచ్చువేసే ఎస్‌సీసీ లేదా ఏఐఆర్ పత్రిక పేరు, చివర పేజీ సంఖ్య. ఆ మూస లక్షలసార్లు కనబడింది కనుక నమూనా దాన్ని అచ్చుగుద్దినట్లు తిరిగి రాయగలదు. కానీ ఏ పేజీలో ఏ కేసు ఉందన్నది మూసను బట్టి ఊహించగలిగేది కాదు. అది ఉత్త సమాచారం. తెలిసి ఉండాలి, లేదా చూసి రాయాలి. రూపం నిక్కచ్చిగా, లోపలి సంగతి కల్పనగా రావడానికి కారణం ఇదే.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో నడిచిన మాటా వర్సెస్ అవియాంకా కేసు దీనికి తొలి ప్రసిద్ధ ఉదాహరణ. విమానంలో ట్రాలీ తగిలి మోకాలికి గాయమైందని ఒక ప్రయాణికుడు వేసిన దావా అది. అతని న్యాయవాదులు సమర్పించిన వాదనలో అరడజను తీర్పులు కల్పితాలని తేలింది. అవి నిజమైనవేనా అని న్యాయవాది చాట్‌జీపీటీనే తిరిగి అడిగాడు, అది నిజమైనవేనంది. సాక్షి అబద్ధమాడుతున్నాడేమోనన్న అనుమానంతో ఆ సాక్షినే అడిగి తృప్తి పడటం లాంటిదిది. జడ్జి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా విధించారు. జరిమానా కంటే ముఖ్యమైనది ఆయన వేరు చేసి చెప్పిన విషయం: సాంకేతిక సాధనం సాయం తీసుకోవడంలో తప్పు లేదు, తీర్పులు లేవని తెలిసిన తర్వాత కూడా వాటినే పట్టుకుని వేలాడటం తప్పు.

డేటాబేస్‌కు ముడిపెడితే సరిపోతుందా

న్యాయ సమాచార సంస్థలు ఈ సమస్యకు చూపిన పరిష్కారం సూటిగానే ఉంది. నమూనాను జ్ఞాపకం మీద ఆధారపడనివ్వకుండా, ముందు అసలు తీర్పుల భాండారంలో వెతికించి, దొరికిన భాగాలను దాని ముందు పెట్టి, వాటిని చూసి జవాబు రాయమనడం. విదేశీ న్యాయ డేటాబేస్‌లైన లెక్సిస్, వెస్ట్‌లా నుంచి మన దేశంలోని ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర, కేస్‌మైన్ దాకా ఏఐ సదుపాయాలు తెచ్చాయి. వీటిలో పూర్తిగా కల్పిత తీర్పు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ఇక భయం లేదని చాలామంది అనుకునేది ఇక్కడే.

స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో అమెరికా చట్టాలకు సంబంధించిన రెండు వందలకు పైగా ప్రశ్నలతో లెక్సిస్, వెస్ట్‌లా సంస్థల ఏఐ సాధనాలను పరీక్షించారు. సాధనాన్ని బట్టి 17 నుంచి 33 శాతం ప్రశ్నలకు తప్పుడు లేదా ఆధారం లేని జవాబులు వచ్చాయి. ఆనాటి సాధనాలు ఇప్పుడు మారాయి కనుక ఆ అంకెలను నేటికి యథాతథంగా అన్వయించలేం. తప్పుల స్వభావం గురించి ఆ అధ్యయనం చెప్పినది మాత్రం పాతబడలేదు. తప్పు అంటే తీర్పు లేకపోవడం ఒక్కటే కాదు. తీర్పు ఉంటుంది, లింకు నొక్కితే తెరుచుకుంటుంది కూడా, కానీ అది చెప్పిందని సాధనం అంటున్న మాట అందులో ఉండదు.

దీనికి కారణం తీర్పు రాసే పద్ధతిలోనే ఉంది. మన ఉన్నత న్యాయస్థానాల తీర్పుల్లో ముందు కేసు పూర్వాపరాలు, ఆ తర్వాత ఇరుపక్షాల వాదనలు పేజీల కొద్దీ వస్తాయి. కోర్టు సొంత అభిప్రాయం చాలా తర్వాత మొదలవుతుంది. ఓడిపోయిన పక్షం లాయరు చేసిన వాదన సాధనానికి కోర్టు నిర్ణయంలా కనబడవచ్చు, ఎందుకంటే వాదన ఎప్పుడూ సూటిగా, ఉదహరించడానికి వీలుగా ఉంటుంది. భిన్నాభిప్రాయ తీర్పులదీ ఇదే కథ. ఎమర్జెన్సీ కాలపు నిర్బంధాలపై 1976లో వచ్చిన ఏడీఎం జబల్‌పూర్ కేసులో ఈనాటికీ అందరూ తలచుకునే మాటలు జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నావి, ఆయనది మైనారిటీ తీర్పు. మెజారిటీ తీర్పును 2017లో గోప్యత హక్కుపై వచ్చిన పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. ఏ పేరా ఎవరిది, ఆ రోజు దానికి విలువెంత, నేడు ఎంత అన్న మూడు విషయాలు తెలియకుండా ఆ తీర్పులోంచి ఒక్క వాక్యం తీసుకోవడానికి లేదు.

తోసిపుచ్చిన తీర్పుల్లో ఇంకో మెలిక ఉంది. సివిల్, క్రిమినల్ విచారణలపై ఇచ్చిన స్టే ఆరు నెలలు దాటితే దానంతట అదే తొలగిపోతుందని 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరేళ్లపాటు దేశమంతటా కింది కోర్టులు ఆ తీర్పును పేర్కొంటూ ఉత్తర్వులిచ్చాయి. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సూత్రాన్ని తోసిపుచ్చింది. ఏఐ ముందున్న పాఠ్యంలో పాత తీర్పును సమర్థించే ఉత్తర్వులు రాశులు పోసి ఉంటాయి, దాన్ని తోసిపుచ్చిన తీర్పు ఒక్కటే. న్యాయశాస్త్రంలో ఆ ఒక్కటే నిలుస్తుంది. గణాంకాల లెక్కన రాశి గెలుస్తుంది. ఈ రెండు తూకాల మధ్య తేడాను సాధనం ప్రతిసారీ గుర్తిస్తుందన్న పూచీ లేదు.

మన చట్టాల్లో ప్రత్యేక చిక్కులు

2024 జులై 1న ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్యాధారాల చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. సెక్షన్ల అంకెలు చాలావరకు మారాయి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్. కొత్త సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు. క్వాష్ 528కి వెళ్లింది. ‘482 కింద తీర్పులు చూపు’ అని అడిగితే దశాబ్దాల పాత తీర్పులన్నీ క్వాష్ గురించే ఉంటాయి. ఐపీసీలో 302 హత్య అయితే, న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103లో ఉంది, అందులో 302 మతభావాలను గాయపరిచే మాటలకు సంబంధించినది. పైగా పాత చట్టం పూర్తిగా పోలేదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. కనుక ‘కొత్త సెక్షనే చెప్పు’ అని సాధనానికి ఒక్క ఆదేశం ఇచ్చినా సమస్య తీరదు. నేరం జరిగిన తేదీ చూడాలి.

తెలుగు రాష్ట్రాల్లో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. 2019 జనవరి 1న రెండు హైకోర్టులు వేరుపడ్డాయి. అంతకుముందు హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన తీర్పులు ఒక ఎత్తు, తర్వాత అమరావతిలో, హైదరాబాద్‌లో విడివిడిగా వచ్చినవి మరో ఎత్తు. ఒకే చట్టం రెండు రాష్ట్రాల్లో వేర్వేరు సవరణలతో నడుస్తోంది. భూమి చట్టాలైతే మరీ వేగంగా మారాయి. తెలంగాణలో 2020 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, దాంతోపాటు ధరణి పోయి, 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 భూ హక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేశారు. ఆ రద్దుకు ముందు ఆ చట్టం గురించి వెల్లువలా వచ్చిన వ్యాసాలూ వివరణలూ మాత్రం అంతర్జాలంలో అలాగే ఉన్నాయి. సాధారణ చాట్‌బాట్ చదివి నేర్చుకున్నది వాటినే.

స్థానిక న్యాయ పత్రికల సంగతి చెప్పుకోవాలి. జిల్లా కోర్టుల్లో వాదనలకు ఏఎల్‌డీ, ఏఎల్‌టీ సంపుటాలను ఇప్పటికీ చేతబట్టుకుని వెళ్తారు. అద్దె కేసులు, ఇనాం భూములు, పార్టిషన్ దావాలు వంటి వాటిలో అసలు ఆయువుపట్టు హైకోర్టు తీర్పుల్లోనే ఉంటుంది, అవి ఈ పత్రికల్లోనే తొలుత అచ్చయ్యాయి. ఉచిత చాట్‌బాట్‌లకు ఇండియన్ కానూన్ వంటి బహిరంగ వేదికల్లో ఉన్నది దొరుకుతుంది. పాత సంపుటాల్లో తీర్పుల పైన ఇచ్చే సారాంశాలు, అంటే హెడ్‌నోట్లు, దొరకవు. ఇక దస్తావేజుల భాష ఉంది. ఆంధ్రలో అడంగల్ అనేదాన్నే తెలంగాణలో పహాణీ అంటారు. సేత్వార్, ఖాస్రా పహాణీ, పోరంబోకు వంటి మాటలున్న పాత తెలుగు, ఉర్దూ కాగితాల్ని చదివి సారాంశం చెప్పమంటే, ఇంగ్లిష్ తీర్పును చదివినంత ధీమాగానే సాధనం జవాబిస్తుంది. ధీమాలో తేడా కనబడదు, నాణ్యతలో ఉంటుంది.

సరిచూసే ఖర్చు ఎవరిది

పాత పద్ధతిలో ఒక జూనియర్ లైబ్రరీలో కూర్చుని పది తీర్పులు తిరగేసి రెండు ఎంచుకుంటే, వెతకడం, చదవడం రెండూ ఒకే పనిలో జరిగిపోయేవి. చదవకుండా దొరికే మార్గం లేదు. ఏఐ ఈ రెంటినీ విడదీసింది. ఇప్పుడు తీర్పు చదవకుండానే దొరుకుతుంది, చదవకుండానే దాఖలూ చేయవచ్చు. అలా వదిలేసిన చదువు ఎక్కడికీ పోదు. అవతలి లాయరు మీద, చివరికి జడ్జి మీద పడుతుంది. లేని తీర్పు లేదని నిర్ధారించడానికి పట్టే సమయం, దాన్ని పుట్టించడానికి పట్టిన కొన్ని క్షణాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇటీవలి కేసుల్ని ఈ కోణంలో చూస్తే వరస కనబడుతుంది. 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టులో ఇళ్ల కొనుగోలుదారుల సంఘం ఒకటి వేసిన పిటిషన్‌లో, 27 పేరాలే ఉన్న తీర్పులోంచి 73వ పేరాను ఉటంకించారు. అవతలి పక్షం పట్టుకుంది, పిటిషన్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక ఆదాయపు పన్ను మదింపు ఉత్తర్వును కొట్టేసింది, అధికారి ఆధారంగా చూపిన మూడు తీర్పులు లేనివి కావడం అందుకు ఒక కారణం. ఇక్కడ శ్రమ పడింది పన్ను చెల్లింపుదారు. బెంగళూరులోని ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వును, అందులో లేని తీర్పులున్నాయని తేలడంతో, కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. లండన్ హైకోర్టు 2025 జూన్‌లో పరిశీలించిన ఒక కేసులో 45 సైటేషన్లలో 18 కల్పితాలు. విచిత్రమేమిటంటే, అక్కడ ఏఐతో వెతికింది కక్షిదారు. అతను చేసిన పరిశోధనను న్యాయవాది సరిచూడకుండా దాఖలు చేశాడు. లాయరు చెప్పింది కక్షిదారు నమ్మడం మామూలు సంగతి, ఇక్కడ అది తలకిందులైంది.

లాయరు తప్పు చేస్తే అవతలి లాయరు పట్టుకుంటాడు. అధికారి తప్పు చేస్తే హైకోర్టు దాకా వెళ్లే స్తోమత ఉన్నవారే పట్టుకుంటారు. కింది కోర్టు తప్పు చేస్తే పట్టుకోవడానికి రివిజన్, అప్పీలు, వాటి ఫీజులు, ఏళ్లు. విజయవాడ వ్యవహారంలో సుప్రీంకోర్టు కటువుగా మాట్లాడటానికి కారణం ఇక్కడే వెతకాలి.

కోర్టులు గీస్తున్న గీతలు

న్యాయవ్యవస్థ ఏఐని దూరం పెట్టడం లేదు. సుప్రీంకోర్టు 2019లోనే అనువాదం కోసం సువాస్‌ను, 2021లో కేసు ఫైళ్ల పరిశీలనలో సాయపడే సుపేస్‌ను తెచ్చింది. 2023 మార్చిలో పంజాబ్-హర్యానా హైకోర్టు న్యాయమూర్తి ఒకరు బెయిలు విషయంలో విస్తృత దృక్పథం కోసం చాట్‌జీపీటీని అడిగి, ఆ జవాబును ఉత్తర్వులో చేర్చారు. అది కేసు మంచిచెడ్డల మీద అభిప్రాయం కాదని కూడా స్పష్టం చేశారు. అదే ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఒక ట్రేడ్‌మార్క్ కేసులో, తీర్పు చెప్పే ప్రక్రియలో మనిషి మేధ స్థానంలోకి ఏఐ రాలేదని, ప్రాథమిక పరిశోధనకు మించి దాన్ని వాడలేమని పేర్కొంది.

లిఖితపూర్వక విధానం తెచ్చిన తొలి హైకోర్టు కేరళది. 2025 జులైలో జిల్లా న్యాయవ్యవస్థ కోసం దాన్ని ప్రకటించింది. నిర్ధారణలకు, ఉపశమనాలకు, ఉత్తర్వులకు, తీర్పులకు రావడానికి ఏఐని వాడకూడదు. అనుమతించిన సాధనాలనే వాడాలి. సాధనం వాడిన ప్రతిసారీ నమోదు చేయాలి, మనుషులు దాన్ని ఎలా సరిచూశారో కూడా రాయాలి. నిషేధాల కంటే ఈ చివరి నిబంధనకే ఎక్కువ పదును ఉంది. సరిచూసే పనికి ఒక లిఖిత ఆధారం తగిలిస్తోందది.

న్యాయవాదుల విషయంలో కొత్త నిబంధన అవసరమా అన్నది చర్చనీయం. కోర్టును తప్పుదోవ పట్టించకూడదన్న బాధ్యత బార్ కౌన్సిల్ నియమాల్లో ఉంది, 1961 న్యాయవాదుల చట్టం సెక్షన్ 35 కింద దుష్ప్రవర్తనకు చర్యలూ ఉన్నాయి. నిబంధనలు చూడని చోటు గోప్యత. కక్షిదారు లాయరుకు చెప్పినదాన్ని సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ కాపాడుతుంది. అదే సంగతిని పేర్లతో సహా ఉచిత చాట్‌బాట్‌లో అతికిస్తే, సంస్థ షరతులను బట్టి అది దాని సర్వర్లలో మిగలవచ్చు, శిక్షణకూ పోవచ్చు.

ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ కాదు

సరిచూడటం తేలికైన పనిలో ఏఐ లాభం నికరం. వందల పేజీల సొంత ఫైలులోంచి తేదీల జాబితా తీయమంటే, ప్రతి తేదీని అదే ఫైలులో చూసుకోవచ్చు. సాక్షి వాంగ్మూలంలో పరస్పర విరుద్ధ వాక్యాలు చూపమన్నా అంతే. తెలియని రంగంలో ఏ చట్టం, ఏ సెక్షన్ దగ్గర మొదలుపెట్టాలో తెలుసుకోవడానికీ బాగుంటుంది, ఎందుకంటే తర్వాత ఎలాగూ చట్టం పాఠం తెరవాల్సిందే. ‘ఈ విషయంపై ఇందుకు విరుద్ధమైన తీర్పు ఏదీ లేదు’ అన్న జవాబు మాత్రం అన్నింటికన్నా నమ్మకూడనిది. లేదని నిరూపించాలంటే వెతుకులాట అంతా మళ్లీ చేయాలి.

తెలుగులో ఇచ్చే సారాంశాలకు మరో పరిమితి ఉంది. 348వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో అధికారిక భాష ఇంగ్లిష్. కోర్టులు స్వయంగా ప్రచురించే తెలుగు అనువాదాలు కూడా అవగాహన కోసమే, ప్రామాణిక పాఠం ఇంగ్లిష్‌దే. కక్షిదారుకు తన కేసు ఏమిటో అర్థం చేసుకోవడానికి ఏఐ చేసిన తెలుగు సారాంశం ఎంతో మేలు, వాదనలో ఉటంకించడానికి పనికిరాదు.

మున్ముందు

తాలూకా కోర్టులో ఒంటరిగా ప్రాక్టీసు చేసే లాయరుకు ఖరీదైన డేటాబేస్ చందా భారం. అలాంటివారికి ఏఐ తెచ్చిన వెసులుబాటు చిన్నది కాదు. అయితే డబ్బు చెల్లించే సంస్థలకు తీర్పుల భాండారానికి ముడిపడిన సాధనాలు, మిగిలినవారికి ఉచిత చాట్‌బాట్‌లు అన్న విభజన కొనసాగితే, తప్పులూ శిక్షలూ చిన్న లాయర్ల వైపే ఎక్కువగా పోగుపడతాయి. దీనికి విరుగుడు ప్రజాధనంతో నడిచే ఉచిత భాండారాల్లో కొంతవరకు ఉంది. 2023లో సుప్రీంకోర్టు తన తీర్పుల ఆన్‌లైన్ భాండారం ఈ-ఎస్‌సీఆర్‌ను ఉచితంగా తెరిచింది, తీర్పులకు ఐఎన్‌ఎస్‌సీ అనే సొంత సంఖ్యలూ ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రైవేటు పత్రికల పేజీ సంఖ్యల మీద ఆధారపడనక్కర్లేని ఈ సంఖ్యలను ఈ-ఫైలింగ్‌లోనే యంత్రంతో సరిపోల్చే వీలుంది. దాఖలు చేసిన పిటిషన్‌లోని ప్రతి సైటేషన్‌ను భాండారంతో పోల్చి, దొరకనివాటిని రిజిస్ట్రీ వెంటనే తిప్పి పంపవచ్చు.

అలా చేస్తే విజయవాడ, ఢిల్లీ, ముంబై తరహా కేసులు చాలావరకు కోర్టు గుమ్మం దగ్గరే ఆగుతాయి. తీర్పు ఉండి, పేరా ఉండి, అందులోని మాట ఓడిన పక్షం వాదన అయినప్పుడు ఆ యంత్రానికి తప్పేమీ కనబడదు. అది బెంచి ముందుకు వస్తుంది. ఇరవై నిమిషాల వాదనలో అవతలి న్యాయవాది ఆ తీర్పును చదివి వస్తే బయటపడుతుంది, చదవకపోతే ఉత్తర్వులోకి ఎక్కుతుంది, ఆ ఉత్తర్వు రేపు మరో సాధనానికి పాఠ్యమవుతుంది.